ఇసో పెద్దమ్మ అంటించిన అంచు

జపాన్‌లో మా కానో ఊళ్ళో గొడుగులకు కాగితం అంటించే ఆడవాళ్ళకు పొగరు కొంచెం ఎక్కువ. వెదురు చీల్చేవాళ్ళనీ, పుల్లలకు దారం కట్టేవాళ్ళనీ, చివర్న నూనె పూసేవాళ్ళనీ వాళ్ళు పనివాళ్ళ కింద జమకట్టేవాళ్ళు కాదు. "వాళ్ళు చేసేది ఎముకల గూడు. దానికి ఒళ్ళు తొడిగేది మేం" అనేవాళ్ళు. ఆ పొగరంతా ఒకచోట పోగేసి మనిషిని చేస్తే హిబినో ఇసో అయ్యేది. మాకందరికీ ఆవిడ ఇసో పెద్దమ్మ.

పొట్టి మనిషి. ముప్పై ఏళ్ళు జిగురులో నానిన బొటనవేళ్ళు చెక్కముక్కల్లా గట్టిపడిపోయాయి. కాగితం సరిగ్గా బిగిసిందో లేదో చూడ్డానికి చూపుడువేలితో టక్కున కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేది. అప్పుడు చుట్టుపక్కల ఎవరైనా దగ్గినా అయిపోయారే. మొగుడు పోయాక ఒక్కతే ఉండేది, పక్కిల్లే మాది. నాకు పదహారేళ్ళప్పుడు పని నేర్పమని మా అమ్మ నన్ను ఆవిడ దగ్గర కూర్చోబెట్టింది. మొదటి ఏడాదంతా నా పేరు ఫుకి అని ఆవిడకు గుర్తున్నట్టే లేదు. "ఏయ్ చేపరెక్కలూ! అవి చేతులా, చేపరెక్కలా? కాగితాన్ని బుజ్జగించవే, కొట్టకు!" అనేది. నోరు తెరిస్తే ముత్యాలు రాలే మనిషి కాదు. కానీ నాకు జ్వరమొచ్చిన మూడు రోజులూ గంజి కాచి తెచ్చింది ఆవిడే. తెచ్చి, తాగేదాకా తిట్టింది.

అమెరికాతో యుద్ధం మొదలైన రెండో ఏడు గొడుగులకు నూనె రావడం ఆగిపోయింది. కాగితం సైన్యానికి పోయింది. ఊరంతా చేతులు ముడుచుకు కూర్చున్న సమయంలో, కాగామిగహరా మైదానంలో షెడ్డు ఉన్న విమానాల కంపెనీ వాళ్ళు ఆడకూలీలు కావాలని వచ్చారు. విమానమంతా రేకే అయినా తోక మీద నిలబడే చుక్కానికి మాత్రం గుడ్డ తొడిగేవాళ్ళు. సన్నటి అల్యూమినియం పుల్లల చట్రం, దాని మీద గుడ్డ, గుడ్డ బిగుసుకోవడానికి వార్నిష్. కుట్టుపని అమ్మాయిలు కుడితే గుడ్డ వదులుగా వస్తోందట.

పెద్దమ్మ షెడ్డులోకి వెళ్ళి, బల్ల మీదున్న చుక్కానిని చూపుడువేలితో టక్కున కొట్టింది. చెవి పెట్టింది. "ఇది చుక్కానా, ఆరేసిన దుప్పటా?" అంది.

గుడ్డ తొడిగే గదికి పెద్దగా ఉన్న బందో గారు ముసలాయన, మెతకమనిషి. ఆయన మొహం ఎర్రబడింది. మర్నాటి నుంచి పెద్దమ్మ ఆ గదికి మకుటం లేని మహారాణి అయిపోయింది. తోకలా వెంట నేనూ వెళ్ళాను.

ఆ వార్నిష్‌కు అచ్చం అరటిపండు వాసన. బార్లీ కలిపిన అన్నం కూడా సగం కడుపుకే దొరికే రోజులవి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరటిపండ్ల వాసనలో కూర్చుని, పండు మాత్రం కంటికి కనపడకపోతే ఎలా ఉంటుందో మీరే చెప్పండి. మాలో ఒకమ్మాయి కుంచె నాకి వాంతి చేసుకుంది కూడా. "నాకితే నాకావు, రుచి ఎలా ఉందో చెప్పవే" అని పెద్దమ్మ దాన్ని వారం రోజులు ఏడిపించింది.

ఆ వసంతంలో కొత్త యుద్ధవిమానం వచ్చింది. వచ్చిందంటే ఎగిరి రాలేదు, ఎడ్లబండ్ల మీద ముక్కలుముక్కలుగా వచ్చింది. ఫ్యాక్టరీ నుంచి మైదానానికున్న రోడ్డు మీద లారీలో వేస్తే కుదుపులకు దెబ్బతింటుందని అలాగే తెచ్చేవాళ్ళు. ప్రపంచంలోకెల్లా వేగంగా పోవలసిన విమానం, దారిలో ఎద్దు పేడ వేస్తే ఆగేది. షెడ్డులో దాన్ని కూర్చి, మొత్తం నారింజ రంగు పూశారు. అలాంటిది ఒక్కటే ఉంది. రెండోది తయారవుతోంది. పేరు రహస్యం కాబట్టి మేం దాన్ని ఒకటో నంబరు అనేవాళ్ళం.

ఇస్తామన్న పెద్ద ఇంజను సిద్ధం కాలేదట. చిన్న ఇంజనుతోనే సైన్యం అడిగిన వేగం రావాలి. అంటే బరువు తగ్గాలి. ఆ బరువు తగ్గించే పని ఇనగాకి గారిది. కళ్ళజోడు, ముప్పై ఏళ్ళకే నెరిసిన జుట్టు, మెడలో తాడుకు వేలాడే చిన్న తక్కెడ. ఎక్కడ రేకు కనపడితే అక్కడ చిల్లు పెట్టించేవారు. చివరికి పైలట్ కూర్చునే సీటుకు కూడా చిల్లులే. "మంచిది, రేపు ఆ పిల్లాడి లాగుకి కూడా చిల్లులు పెట్టించండి, ఇంకో పది గ్రాములు కలిసొస్తాయి" అని పెద్దమ్మ మొహం మీదే అనేసింది. ఇనగాకి గారు నవ్వలేదు. నిజంగా ఆలోచిస్తున్నట్టు కనిపించారు.

ఆ పిల్లాడు అంటే ఉకాయి. కంపెనీ పైలట్. ముప్పై రెండేళ్ళవాడు, పెద్దమ్మ కంటికి మాత్రం పిల్లాడు. నగరా నది ఒడ్డున పుట్టాడు, చేపల వాసనలో పెరిగాడు, ఎప్పుడూ ఆకలే. ఎగిరే ముందు మా గదిలోకి తొంగి చూసేవాడు.

"పెద్దమ్మా, నీ చుక్కాని వాన తట్టుకుంటుందా?"

"వాననైతే తట్టుకుంటుంది నాయనా. నిన్నెలా తట్టుకుంటుందో అదే నా దిగులు."

అలా అంటూనే తన డబ్బాలోని అన్నం ముద్దలో సగం వాడి చేతిలో పెట్టేది. వాడు వద్దనేవాడు కాదు. మొహమాటం లేని మనిషంటే పెద్దమ్మకు ప్రాణం. "తింటే ఇలా తినాలి. మీరూ ఉన్నారు, పుల్లటి ఉమె కాయ ఊరగాయ ఇస్తే దాన్ని చూసి దణ్ణం పెట్టే రకాలు" అని మమ్మల్ని తిట్టేది. ఆవిడకు పిల్లలు లేరు. ఆ మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు, ఆవిడా ఎత్తేది కాదు.

ఒకరోజు తింటూ తింటూ ఉకాయి ఒక సంగతి చెప్పాడు. అంతకుముందు ఏడు ఇంకో కొత్త విమానాన్ని పైనుంచి నిట్టనిలువుగా దూకించే పరీక్ష చేశారు. డైవ్ అంటారు. దూకుతుండగా తోక ఊడిపోయింది. నడిపినాయన ఉకాయికి పని నేర్పిన గురువు.

"ఎందుకు ఊడింది?" అని అడిగింది పెద్దమ్మ.

"చెప్పడానికి ఆయన మిగల్లేదుగా, పెద్దమ్మా. మిగిలిన ముక్కలు చూసి రకరకాలుగా అంటారు."

"నువ్వూ దూకాలా?"

"అదే కదా నా ఉద్యోగం. ఏది ఎక్కడ విరుగుతుందో అందరికన్నా ముందు నాకే తెలుస్తుంది" అని నవ్వాడు. పెద్దమ్మ నవ్వలేదు. ఆ రోజు అన్నం ముద్ద మొత్తం వాడికే పెట్టేసింది.

ఇప్పుడు గొడుగుల సంగతి ఒకటి చెప్పాలి. గొడుగు ఎక్కడ చిరిగినా చిరగడం మొదలయ్యేది అంచు దగ్గరే. అందుకని మా ఊళ్ళో మంచి పనివాళ్ళు కాగితం అంటించడం అయిపోయాక, అంచు చుట్టూ ఇంకో సన్నటి పట్టీ మడిచి అంటిస్తారు. కొన్నవాడికి అది కనపడదు. అడగడు కూడా. అది అంటించేవాళ్ళ మర్యాద. మనసుకు నచ్చినవాళ్ళ గొడుగైతే పెద్దమ్మ ఒకటికి రెండు పట్టీలు వేసేది. నా పెళ్ళికిచ్చిన గొడుగుకు మూడు వేసింది, ఇరవై ఏళ్ళు వాడాను.

ఎనిమిదోసారి ఎగిరి వచ్చాక ఒకటో నంబరు చుక్కానికి వెనక అంచు దగ్గర గోరంత చిరుగు కనిపించింది. రాయి తగిలి ఉంటుంది. బందో గారు మమ్మల్నిద్దర్నీ పంపారు, "చిన్న అతుకు వేసి రండి, అంతే" అన్నారు. మూడు రోజులుగా వాన. మైదానం బురదబురద, షెడ్డులో విమానం ఒక్కటే ఉంది, మెకానిక్కులు అటు చివర టీ కాచుకుంటున్నారు.

పెద్దమ్మ అతుకు వేసింది. వేసి, నిచ్చెన మీదే కూర్చుండిపోయి ఆ అంచును పైనుంచి కిందికి నిమిరింది.

"చూడవే ఫుకీ, అంచు. బోసిగా ఉంది."

"ఇంజనీరు గారు గీసినట్టే ఉంది కదా పెద్దమ్మా."

"ఆయనకు గొడుగుల సంగతేం తెలుసు? చిరిగింది ఎక్కడ? అంచు దగ్గరేగా! పోయినేడు తోక ఊడిందంటే ఎక్కణ్ణుంచి మొదలై ఉంటుంది? అంచు నుంచే!"

నడుముపట్టీలో దాచుకొచ్చిన మినో కాగితం బయటికి తీసింది. గొడుగుల రోజుల్లో దాచుకున్న మేలిరకం, సన్నగా, గుంజినా చిరగనిది. ఇంటి నుంచే తెచ్చిందంటే పొద్దున్నే అనుకుని వచ్చిందన్నమాట. మూడేసి వేళ్ళ వెడల్పు పట్టీలు చేసి, అంచు పొడవునా అటూ ఇటూ మడిచి, ఒకదాని మీద ఒకటి మూడు వరసలు అంటించింది. వార్నిష్ పూసింది. ఆరాక నారింజ రంగు పూసింది. కుంచె అందించింది నేనే, డబ్బా పట్టుకున్నదీ నేనే. కాబట్టి ఇందులో నా పాపం లేదని నేను బుకాయించబోవడం లేదు. ఆ పని ఎంత అందంగా వచ్చిందంటే, అంటించిన చోటు వేలికి కూడా తగల్లేదు. చివర్న టక్కున కొట్టి విని, "ఇప్పుడు దూకమను" అంది. మొహం వెలిగిపోయింది. ఆ మొహం చూస్తే నాకూ సంతోషమేసింది.

బందో గారు కాగితం మీద తనిఖీ ముద్ర వేసేశారు. విమానం దగ్గరికి వెళ్ళి చూడలేదు. "ఇసో గారు చేసిన దాన్ని నేను చూసేదేముంది" అన్నారు.

వాన వెలిశాక విమానం రెండుసార్లు ఎగిరింది. నేరుగా, నిదానంగా. ఏమీ కాలేదు. డైవ్ పరీక్షకు రోజు పెట్టారు, మధ్యాహ్నం ఒంటిగంటకి. సైన్యం తరఫున ఒక మేజర్ చూడ్డానికి వచ్చాడు.

ఆ రోజు పన్నెండు దాటింది. మేం భోజనాల డబ్బాలు విప్పుతున్నాం. ఇనగాకి గారు గదిలోకి విసురుగా వచ్చారు, చేతిలో రెండో నంబరు విమానం చుక్కాని.

"దీని అంచుకి వార్నిష్ ఎవరు పూశారు?"

ఒకమ్మాయి లేచి నిలబడింది.

"ఒక పూత ఎక్కువ వేశావు. పన్నెండు గ్రాములు! తెలుసా నీకు?"

ఊరుకుంటే ఆవిడ పెద్దమ్మ ఎందుకవుతుంది? "పన్నెండు గ్రాములకి ఆ పిల్ల మీద అంత ఎగరాలా ఇంజనీరు గారూ? రెండు గింజలు తక్కువ తిని ఎగరమనండి మా ఉకాయిని, సరిపోతుంది" అంది.

ఇనగాకి గారు కోప్పడలేదు. చుక్కానిని బల్ల మీద పెట్టి, కీళ్ళ దగ్గర రెండు మేకుల మీద వేలాడదీశారు. "ఇలా రండి ఇసో గారూ, చూడండి. ఇది బరువు సంగతి కాదు. బరువు ఎక్కడుందన్నదే సంగతి. కీలుకు ముందు సీసం ముక్క పెట్టేది ఎందుకు? వెనక బరువూ ముందు బరువూ సరితూగి ఇది తక్కెడలా నిలవాలి. వెనక అంచు బరువెక్కిందనుకోండి, నిదానంగా పోయినంతసేపూ ఏమీ తెలియదు. వేగం పెరిగేసరికి గాలికి దానంతట అదే అటూ ఇటూ కొట్టుకోవడం మొదలెడుతుంది. రైలు కిటికీలోంచి విసనకర్ర బయటికి పెట్టి చూడండి, తెలుస్తుంది. అలా కొట్టుకుంటే తోక రెండు క్షణాలు కూడా ఆగదు. పోయినేడు జరిగింది అదేనని నా నమ్మకం."

"పన్నెండు గ్రాములకే?" అంది పెద్దమ్మ.

"పన్నెండుకు ఊడకపోవచ్చు. యాభై, అరవై అయితే ఖాయం. ఒకటో నంబరుది బిగించే ముందు నేనే తూచాను, వెంట్రుకవాసి తేడా లేదు. ఆ ధైర్యంతోనే ఇవాళ దూకమంటున్నాం."

ఆయన వెళ్ళిపోయారు. పెద్దమ్మ వైపు చూశాను. ఆవిడ తన చేతుల్ని చూసుకుంటోంది. మూడు వరసల కాగితం, వార్నిష్, రంగు. ఎంత బరువుంటుందో తక్కెడ లేకుండానే ఆ చేతులకు తెలుసు.

లేచింది.

నేను చెయ్యి పట్టుకున్నాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, నేనన్న మాట ఇది: "ఊరుకో పెద్దమ్మా! రెండుసార్లు ఎగిరిందిగా, ఏం కాలేదుగా. బయట సైన్యం వాళ్ళున్నారు. విమానాన్ని పాడుచేశావంటారు. సైనిక పోలీసులకిస్తే నువ్వు తిరిగొస్తావా?"

"నేను తిరిగి రాకపోతే ఏమైందే?" అంది. విదిలించుకున్న విసురుకు చొక్కా చెయ్యి కుట్టు పర్రుమంది. చిరిగిన చొక్కాతోనే పరిగెత్తింది. వెనకే నేనూ.

అప్పటికే ఇంజను మోగుతోంది. ఉకాయి లోపల కూర్చున్నాడు. మైదానం అంచున సున్నంతో గీసిన తెల్లగీత ఉండేది, దాన్ని మా గది ఆడవాళ్ళు దాటకూడదు. పెద్దమ్మ దాటింది. చెక్క చెప్పులు ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ ఊడిపడ్డాయి. ఒక సైనికుడు తుపాకీ అడ్డంపెట్టి ఆపితే, దాని కిందనుంచి దూరింది. పొట్టిదవడం జీవితంలో మొదటిసారి పనికొచ్చింది. వెళ్ళి, తిరుగుతున్న పంకా ముందు, ఇరవై అడుగుల దూరంలో రెండు చేతులూ చాపి నిలబడింది.

ఉకాయి ఇంజను ఆపేశాడు.

మేజర్, ఇనగాకి గారు, బందో గారు అందరూ పరిగెత్తుకొచ్చారు. పెద్దమ్మ నేల మీద మోకరిల్లి, నుదురు మట్టికి ఆనించింది. "చుక్కాని అంచుకి నేను మూడు వరసల కాగితం అంటించాను. తూచిన తర్వాత అంటించాను. ఎవరికీ చెప్పలేదు. దూకనివ్వద్దు" అంది.

ఇనగాకి గారు తోక దగ్గరికి పరిగెత్తారు. అంచును వేళ్ళతో నొక్కి చూశారు. ఆయన మొహంలో రక్తం లేదు.

"ఎవరు చెయ్యమన్నారు?" అన్నాడు మేజర్.

"ఎవరూ చెయ్యమనలేదండీ. మా ఇళ్ళలో అంచు అలాగే కడతాం."

"ఏ ఇళ్ళలో?"

"గొడుగుల ఇళ్ళలోనండీ."

"గొడుగులా!" అని అరిచాడు మేజర్. "చక్రవర్తి విమానానికి గొడుగు కాగితమా! దీన్ని ఏమంటారో తెలుసా? ద్రోహం అంటారు!"

అప్పటికి ఉకాయి కిందికి దిగాడు. వచ్చి మేజర్ ముందు నిటారుగా నిలబడ్డాడు. "మేజర్ గారూ, నేనే అడిగాను. అంచు గట్టిగా ఉంటే బాగుంటుందని ఈవిడకు నేనే చెప్పాను."

మోకరిల్లిన మనిషి తటాలున తలెత్తింది. నుదుటి నిండా మట్టి. "అబద్ధం! ఈ పిల్లాడు అడగలేదు! ఏం నాయనా, కొత్తగా అబద్ధాలు నేర్చావా? నీకెందుకీ తగులాట? నోరు మూసుకో!"

"పెద్దమ్మా, నువ్వూరుకో."

"నువ్వే ఊరుకో! అన్నం పెట్టినంత మాత్రాన నా తప్పు కూడా మింగేస్తావా?"

మేజర్ నోరు తెరిచి చూస్తున్నాడు. అంతలో బందో గారు ముందుకొచ్చారు. "ముద్ర నాదండీ. చూడకుండా వేశాను. శిక్ష నాకూ రావాలి." ఆ మెతకమనిషి అంత మాట అంటాడని మా గదిలో ఎవరూ అనుకోలేదు.

మరి నేనో? డబ్బా పట్టుకున్నదాన్ని, కుంచె అందించినదాన్ని. గీత ఇవతల నిలబడి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. యాభై ఏళ్ళు దాటింది, ఆ మాట ఇప్పటికీ గొంతులోనే ఉంది.

మేజర్‌ని మెత్తబరిచింది ఇనగాకి గారే. చుక్కాని విప్పించి బల్ల మీద వేలాడదీసి ఆయన్ని పిలిచారు. వెనక అంచు టక్కున కిందికి వాలింది. "ద్రోహం చేసేవాళ్ళు వచ్చి చెప్పరు మేజర్ గారూ. ఈవిడ రాకపోతే ఈ పాటికి మనకు విమానం లేదు, పైలట్ లేడు" అన్నారు. మేజర్ ఆ వాలిన అంచును వేలితో ఎత్తి వదిలి చూశాడు. చివరికి తేల్చాడు. పట్టీ ఇప్పుడే తీసెయ్యాలి, పరీక్ష ఇవాళే జరగాలి. పోలీసుల దాకా వెళ్ళదు. కానీ ఈ ఆడమనిషి ఇవాళ్టి తర్వాత ఈ మైదానంలో అడుగుపెట్టకూడదు.

"అలాగేనండీ. దిగేదాకా మాత్రం ఉండనివ్వండి" అంది పెద్దమ్మ. మేజర్ వద్దనలేదు.

పట్టీని ఆవిడే తీసింది. అంటించేటప్పుడు లేని కష్టం తీసేటప్పుడు పడింది. ద్రావకంలో ముంచిన గుడ్డతో ఒక్కో అంగుళం తడుపుతూ, కింద గుడ్డ పోగు చెదరకుండా గంటసేపు లాగింది. మూడు వరసలూ ఒక్క ముక్కగా ఊడొచ్చాయి. ఇనగాకి గారు తక్కెడలో పెట్టి చూశారు, అరవై రెండు గ్రాములు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ తర్వాత చుక్కాని మేకుల మీద కదలకుండా నిలిచింది.

మూడింటికి విమానం లేచింది. ఆకాశంలో అది పైకి, ఇంకా పైకి పోయి నారింజ చుక్క అయిపోయింది. అందరం తలెత్తి చూస్తున్నాం. పెద్దమ్మ ఒక్కతే షెడ్డు గోడ వైపు తిరిగి నిలబడింది, నా చెయ్యి పట్టుకుని.

"చెప్పవే. ఏమైంది?"

"తిరుగుతున్నాడు పెద్దమ్మా. ఇప్పుడు ముక్కు వంచాడు. దూకుతున్నాడు."

మోత మొదలైంది. నేలే మోగుతున్నట్టుంది. ఆవిడ గోళ్ళు నా చేతిలో దిగాయి.

"తోక ఉందా?"

"ఉంది."

"సరిగ్గా చూడు! ఉందా?"

"ఉంది పెద్దమ్మా, ఉంది. అదిగో, ముక్కెత్తాడు. పైకి లేస్తున్నాడు."

పెద్దమ్మ గోడకు ఆనుకుని జారి, అలాగే నేల మీద కూర్చుండిపోయింది. విమానం దిగి ఆగేదాకా అలాగే కూర్చుంది. ఆగిన తర్వాత లేచి, లాగుకంటిన మట్టి దులుపుకుని, కంపెనీ చేతిపట్టీ విప్పి బందో గారి చేతిలో పెట్టి గేటు వైపు నడిచింది.

మేం గేటు దాటకముందే వెనకనుంచి అడుగుల చప్పుడు. ఉకాయి. ఆ మందపాటి బట్టల్లో, ఆ బూట్లలో, మైదానం అంతా అడ్డంగా పరిగెత్తుకొచ్చాడు. మేజర్‌కు చెప్పాల్సిన నివేదిక కూడా చెప్పలేదట. వచ్చాడే గానీ ఊపిరి అందడం లేదు.

"ఎందుకా పరుగు? దిగీ దిగగానే పరిగెడితే కళ్ళు తిరగవూ?" అని కసిరింది పెద్దమ్మ. "నా డబ్బా గదిలోనే ఉంది. ఇవాళ ముట్టలేదు. వెళ్ళి తిను. డబ్బా రేపు ఫుకితో పంపు."

వాడు నడుము విరిగేంత వంగాడు. ఎంతసేపటికీ లేవలేదు. "ఇక చాల్లే నాయనా" అని పెద్దమ్మ వాడి వీపు మీద చెయ్యి వేసింది. ఆవిడ ఎవరి మీదైనా అలా చెయ్యి వెయ్యడం నేను చూసింది అదొక్కసారే.

ఊరి దారి పట్టాక చాలా దూరం నడిచాం. చెప్పులు దొరకలేదు, ఉత్త కాళ్ళతోనే నడిచింది. వంతెన దగ్గర ఆగి నావైపు తిరిగింది.

"రేపట్నుంచి ఆ గుడ్డ తొడిగేది నువ్వే. వింటున్నావా? ఆయన గీసింది గీసినట్టు చెయ్యి. వాడి మీద నీకెంత ఇదైనా, ఎంత భయమేసినా, ఒక్క చుక్క కూడా ఎక్కువ వెయ్యకు. అక్కడ చెయ్యి ఆపుకోవడమే మనం వాడికి చెయ్యగలిగింది."

ఆ తర్వాత పెద్దమ్మ పాత గొడుగులకు అతుకులు వేసుకుంటూ బతికింది. మా వాళ్ళు ఆ విమానాన్ని మూడు చేసి వదిలేశారు. పెద్ద ఇంజను రానేలేదు. యుద్ధం అయ్యాక మూడింటినీ ముక్కలు చేశారు, వాటి మేకు కూడా ఎక్కడా మిగల్లేదు.

పన్నెండు గ్రాములు ఎక్కువైన ఆ రెండో నంబరు చుక్కానికి పాత గుడ్డ తీసేసి, కొత్తది నేనే తొడిగాను. దాన్నీ దూకించబోయేది ఉకాయే. వెనక అంచు దగ్గరికి వచ్చేసరికి కుంచెలో ఇంకా వార్నిష్ ఉంది, అంచు బోసిగా కనిపిస్తోంది, చెయ్యి అటే పోతోంది. ఆపుకున్నాను. ఇనగాకి గారు తూచి చూశారు. ఒక్క గ్రాము కూడా ఎక్కువ లేదు. నేను అక్కడ పనిచేసినన్నాళ్ళలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు, అదే ఆఖరు. ఆయన అటు వెళ్ళాక నేను గది వెనక్కి పోయి, వార్నిష్ డబ్బాల మధ్య కూర్చుని ఏడ్చాను.